బ్రాడీపేట మేడ మీది అక్క

అక్క పోయిందన్న సంగతి నాకు ఆమె పెద్దకర్మ కూడా అయిపోయాక తెలిసింది. గుంటూరు నుంచి పాత స్నేహితురాలు ఫోన్ చేసి, పిల్లల చదువులూ ఎండలూ అన్నీ మాట్లాడి, ఇక పెట్టేస్తానంటూ, "అన్నట్టు, అక్క సంగతి నీకు తెలిసిందిగా?" అంది. తెలియదన్నాను. అప్పుడు చెప్పింది.

కామెర్లు. ముదిరేదాకా పసరు మందు వాడి ఆఖర్న గుంటూరు తీసుకొచ్చారట. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తర్వాత ఈ వార్త మా పాతవాళ్ళలో ఎవరికి చెప్పినా ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "ఎలా?" అని అడిగారు. ఆ పని చేసిన మనిషి నలభై రాకుండా పోతే ముందు ఆ అనుమానమే వస్తుంది కాబోలు. కాదు, కామెర్లే. అదేదో ఊరట అయినట్టు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం పీల్చుకోవాలనిపించలేదు. బాగా అలసిపోయినట్టు అనిపించింది, అంతే. కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది.

ఆ పని ఏమిటో చెప్పాలి. తొంభైల చివర గుంటూరు నిండా ఇంటర్ కాలేజీలు, వాటి హాస్టళ్ళు. పల్నాడు నుంచీ ప్రకాశం నుంచీ తల్లిదండ్రులు పిల్లల్ని ట్రంకుపెట్టెలతో సహా తెచ్చి దింపి వెళ్ళేవాళ్ళు. తెల్లవారకముందే లేపి స్టడీ అవర్లో కూర్చోబెట్టేవాళ్ళు. ఆ పిల్లల్లో కొందరికి బతకడం మీదే విసుగొచ్చేది. సైకాలజీ చెప్పి రిటైరైన లెక్చరరు గారొకరు, మేమంతా సార్ అనేవాళ్ళం, బ్రాడీపేటలో కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండు గదులు తీసుకుని ఒక ఫోను పెట్టించారు. పిల్లలు పెద్దవాళ్ళకి చెప్పరు, తమకంటే కాస్త ముందు అదే దారిన నడిచినవాళ్ళకైతే చెప్తారు అని ఆయన నమ్మకం. అందుకని డిగ్రీ, పీజీ చదివే మాలాంటివాళ్ళని పోగుచేసి, వినడం ఎలాగో నేర్పి, అక్కడ కూర్చోబెట్టారు.

పేర్లు ఉండకూడదన్నది ఆ గది మొదటి నియమం. వచ్చిన పిల్లల పేరు మేం అడగం, మా పేరు చెప్పం. అబ్బాయిలంతా అన్నలు, అమ్మాయిలంతా అక్కలు. అక్కలం చాలామందిమే ఉన్నా, మెట్లెక్కి వచ్చిన పిల్ల "అక్క ఉందా?" అని అడిగిందంటే అది ఒక్కరి గురించే. మేమూ అలాగే పిలిచేవాళ్ళం. మా తాతగారి వయసున్న సార్ కూడా, "అక్క వచ్చిందా?" అనేవారు. ఇప్పుడూ పేరు రాయబుద్ధి కావడం లేదు.

ఆమెది చిలకలూరిపేట అవతల పల్లె. యూనివర్సిటీలో ఎమ్మే చదువుతూ ఉండేది. పొడుగ్గా, కాస్త వంగి నడిచేది. ఎప్పుడు చూసినా రెండు మూడు రంగుల్లోనే వాయిల్ చీరలు. గొంతు మాత్రం పొలంలో ఈ చివర నుంచి ఆ చివరకి కేకేసే గొంతు. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఆ గొంతు ఎక్కడ దాచుకునేదో తెలియదు. రిసీవరు పెట్టీ పెట్టగానే, "ఏందే, ఈ ఫ్యాను తిరుగుతుందా, నిద్రపోతుందా?" అని మేడంతా వినపడేలా అరిచేది.

కాయ కోతల రోజుల్లో ఆదివారాలు ఊరికెళ్ళి మిరప చేలో దిగేది. సోమవారం వచ్చేసరికి వేళ్ళు మండుతూ ఉండేవి. రిసీవరు చుట్టూ తడి రుమాలు చుట్టి పట్టుకునేది. వచ్చిన పిల్లలు ఏడిస్తే మాలో ఎవరమైనా లేచి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసేవాళ్ళం, కళ్ళు తుడిచేవాళ్ళం. ఆమె కదిలేది కాదు. "నా చెయ్యి కారమమ్మా. నీ కళ్ళు నువ్వే తుడుచుకోవాల," అనేది. కొందరు ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేవాళ్ళు. మిరపకాయల కాలం కాని రోజుల్లో కూడా అదే మాట చెప్పేదని నేను కొన్నాళ్ళకి గమనించాను. అడిగితే, "ఏడుపు మధ్యలో ఎవరన్నా మీద చెయ్యేస్తే ఏడుపు ఆపాలేమో అనిపిస్తుంది కదే. ఆపడానికా వాళ్ళొచ్చింది?" అంది.

వినేటప్పుడు ఎదుటివాళ్ళ మొహం చూసేది కాదు. వాళ్ళ చెప్పుల వైపు చూసేది. సార్ మాకు నేర్పింది దీనికి పూర్తిగా వ్యతిరేకం: కళ్ళలోకి చూడాలి, తల ఊపాలి, ముందుకు వంగాలి. ఆయన ఒకసారి మెల్లగా ఆ సంగతి ఎత్తారు. "మొహంలోకి చూస్తే వాళ్ళు నా మొహం చదవడం మొదలెడతారు సార్. నాకేం అనిపిస్తుందో చూసుకుని దాన్నిబట్టి తగ్గించి చెప్తారు," అంది. సార్ కాసేపు ఆలోచించి, "సరే, నీ ఇష్టం," అన్నారు. ఆ తర్వాత ఆయన కూడా చెప్పుల వైపు చూడటం మొదలుపెట్టారని మేం నవ్వుకునేవాళ్ళం.

"అర్థమైంది" అనే మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. "ఊఁ" అనేది. ఆ ఊఁలో చాలా రకాలుండేవి. కానివ్వు అనే ఊఁ, నిజమే అనే ఊఁ, ఇది అబద్ధంలా ఉంది కానీ పరవాలేదు అనే ఊఁ. నేను ఇంటికెళ్ళి అద్దం ముందు అలా అనడానికి ప్రయత్నించేదాన్ని. నాకు ఒకే ఊఁ వచ్చేది.

నేను చేరిన మొదటి రోజు నన్ను ఆమె పక్కన కూర్చోబెట్టారు. మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. హాస్టల్ నుంచి చెప్పకుండా వచ్చేసింది. తలనొప్పి అంది, అన్నంలో పురుగులొస్తున్నాయంది, వార్డెను ఉత్తరాలు విప్పి చదువుతుందంది. అక్క ఊఁ కొడుతూ వింటోంది. ఆ పిల్ల చెప్పడం ఆపేసి చున్నీ అంచు నోట్లో పెట్టుకుంది. అప్పుడు అక్క, కూరగాయల ధర అడిగినంత మామూలుగా, "చచ్చిపోవాలనిపిస్తుందా?" అంది.

ఆ మాట మాట్లాడకుండా ఉండటానికే కదా మనమంతా ఉన్నది అనుకున్నాను. లేని ఆలోచన పుట్టిస్తోందేమో అనుకున్నాను. ఆ పిల్ల మాత్రం నోట్లోంచి చున్నీ తీసేసింది. భుజాలు కిందికి దిగాయి. "అవునక్కా," అంది. ఎన్నాళ్ళ నుంచో మోస్తున్న బిందె దింపినట్టు ఉంది ఆ గొంతు. ఆ తర్వాతే అసలు సంగతులన్నీ వచ్చాయి. సాయంత్రం సార్ ఆ పిల్ల తల్లిని పిలిపించారు. ఆ పిల్ల తల్లితో కలిసి మెట్లు దిగి వెళ్ళింది.

వాళ్ళు వెళ్ళాక నేను అడిగాను, "అలా అడగొచ్చా అక్కా?"

"మనం అడక్కపోతే, అది అడగడానికి కూడా భయపడేంత పాడు మాటనుకుంటుంది. అప్పుడిక ఎవరితో చెప్తుంది?" అని లేచి, "గోలీసోడా తాగుదాం రా," అంది.

ఆ గోలీసోడా ఆమెకి నియమం. ఎవరితోనైనా గట్టిగా కూర్చుని లేచిన తర్వాత కిందికి దిగి, సందు చివర బండి దగ్గర నిలబడి సోడా కొట్టించుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా తాగేది. మనం మాట్లాడినా వినేది కాదు. ఇదివరకే నిండిపోయిన చెవుల్ని ఖాళీ చేసుకుంటున్నట్టు ఉండేది. ఒకసారి మాత్రం సీసా తిరిగి ఇచ్చేస్తూ, "కాయ కోసేదాని కంటే కూర్చుని వినడం తేలికనుకున్నా. దీనికీ సాయంత్రానికి నడుం లాగేస్తుందే," అంది.

ఈ పనిలోకి ఎందుకొచ్చావని మేం అడిగితే, "మధ్యాహ్నాలు ఖాళీ," అనేది. అంతకంటే ఎవరికీ తెలియదు. మిగిలినవాళ్ళం ఒకరి కథ ఒకరం చెప్పుకునేవాళ్ళం: ఇంటర్లో నాకిలా అయింది, మా చెల్లికిలా అయింది. ఆమె దగ్గర నుంచి అలాంటిదేమీ రాలేదు. మా కథలకి మాత్రం ఊఁ కొట్టేది.

మంచి మాటలు చెప్పడానికి వచ్చేవాళ్ళంటే ఆమెకి ఒళ్ళు మంట. ఒకసారి ఊళ్ళో ఏదో క్లబ్బు పెద్దలు బ్యానరు, ఫోటోగ్రాఫరుతో మెట్లెక్కి వచ్చారు. పిల్లలకి ధైర్యం చెప్తారట, ఫోటో పేపర్లో వస్తుందట. లోపలి గదిలో ఒక అబ్బాయి కూర్చుని ఉన్నాడు. అక్క తలుపు దగ్గరికేసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఫోటోలో ఏం కనపడుద్దండీ? మేం నోరు మూసుకుని కూర్చుంటాం. అది తీస్తారా?" అంది. అందులో ఒకాయన నొచ్చుకుని, "మేం సాయం చేద్దామనే వచ్చామమ్మా," అన్నాడు. "చేద్దురుగానీ. ఆ ఫ్యాను బాగు చేయించండి," అంది. బాగు చేయించారు కూడా.

ఆమె గురించి ఒకే ఒక్క రోజు చెప్పమంటే నేను చెప్పేది ఇంటర్ ఫలితాలొచ్చిన రోజు. అప్పట్లో నంబర్లు పేపర్లో వేసేవాళ్ళు. పొద్దుటి నుంచీ ఫోను మోగుతూనే ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ ఒక అబ్బాయి వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. పేపరు నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకున్నాడు. ఏమడిగినా మాట్లాడలేదు. అక్క ఇక అడగడం మానేసి తనూ ఊరకే కూర్చుంది. అంతలో కరెంటు పోయింది.

"ఉక్కగా ఉంది, మెట్ల మీద కూర్చుందాం రా," అంది అక్క.

మెట్ల మీద గాలి ఉంది. పైమెట్టు దగ్గర నేను గడపలో కూర్చుని ఉన్నాను. కాసేపటికి ఆ అబ్బాయి వీధిలోకి చూస్తూ మాట్లాడాడు.

"నేనేం చేసుకోనక్కా. నా గురించి కాదు."

"మరి?"

"మా నాన్న."

"ఊఁ."

"పోయినేడు పత్తి పురుగుకి పోయింది. ఈ ఏడు కాయ కల్లంలో ఉండగా వాన పడింది. సగం తెల్లబడి తాలైపోయింది. నాన్న మాట్లాడట్లా. అమ్మతో కూడా మాట్లాడట్లా. పోయి గట్టు మీద కూర్చుంటాడు, ఎవరన్నా వెళ్ళి పిలిస్తేగానీ లేవడు. నేను పాసైతే ఇదొక్కటన్నా బాగుందిలే అనుకుంటాడని చూశా. పేపర్లో నంబరు లేదక్కా. ఇప్పుడు నేనెళ్ళి చెప్తే ఆయన ఏమన్నా చేసుకుంటాడు."

అక్క అతని చెప్పుల మీది నుంచి చూపు ఎత్తి, మొదటిసారి మొహంలోకి చూసింది.

"మీ నాన్న ఇప్పుడెక్కడ?"

"యార్డులో. నిన్న కాయ తెచ్చాడు. ఇంకా అమ్ముడు పోలా."

గది దాటి వెళ్ళకూడదన్నది సార్ పెట్టిన మరో నియమం. మేం వినేవాళ్ళం మాత్రమే, ఇళ్ళకి వెళ్ళి తీర్పులు చేసేవాళ్ళం కాదు అని చెప్పేవారు. అక్క లేచి చీర దులుపుకుంది. "నువ్వు రావే నాతో. ఒక్కదాన్నే వెళ్తే ఎవరో అనుకుంటారు," అని నన్ను లేవదీసి, లోపలున్న మరో అమ్మాయితో, "సార్ వస్తే మిర్చి యార్డుకెళ్ళానని చెప్పు. తిట్టాలంటే వచ్చాక తిట్టమను," అంది.

గుంటూరులో పుట్టి పెరిగినా నేను ఎండాకాలం ఆ యార్డు లోపలికి అడుగు పెట్టింది అప్పుడే. గేటు దాటగానే దగ్గు అందుకుంది. కళ్ళు, ముక్కు, గొంతు అన్నీ ఒకేసారి మండాయి. ఎటు చూసినా బస్తాల వరసలు, వాటి మధ్య తువ్వాళ్ళు మూతికి కట్టుకున్న మనుషులు. ఆ అబ్బాయి తండ్రి ఒక షెడ్డు చివర తన బస్తాల మధ్య కూర్చుని ఉన్నాడు. బక్కపల్చటి మనిషి. శాంపిలు కోసం మూతి విప్పిన బస్తా ఎదురుగా ఉంది. మేం చూస్తుండగానే ఒక కొనుగోలుదారు వచ్చి, గుప్పెడు తీసి చూసి, మళ్ళీ అందులోనే పడేసి, ధర కూడా చెప్పకుండా ముందుకెళ్ళిపోయాడు. ఆయన మొహం మారలేదు. కొడుకుని చూశాడు.

"నువ్వేందిరా ఇక్కడ? ఎవరీ అమ్మాయిలు?"

ఆ అబ్బాయి పేపరు వెనక్కి దాచుకున్నాడు. మా వైపు చూశాడు. నేనైతే చెప్పేసేదాన్ని. అక్క చెప్పలేదు. అతనే చెప్పాలని ఎదురు చూసింది.

"నాన్నా, పోయింది," అన్నాడు చివరికి. "ఫిజిక్సు పోయింది."

తిడతాడనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను. ఆయన, "అట్నా," అన్నాడు. అని మళ్ళీ బస్తా వైపు తిరిగాడు. అంతే.

అక్క వెళ్ళి ఆయన పక్క బస్తా మీద కూర్చుంది. "బాబాయ్, మాదీ కాయ ఇల్లే. ఈ ఏడు మా కల్లం కూడా తడిసింది," అంది. ఆమె వాన ఏ పూట మొదలైందో, పట్టలు కప్పేలోపు ఎంత తడిసిందో, వాళ్ళ నాన్న తాలు వేరు చేయించకుండా ఎట్లా మొండికేశాడో చెప్పుకుంటూ పోయింది. ఆయన కాసేపటికి, "తాలు ఏరకుండా తెస్తే ఎవుడు కొంటాడు?" అన్నాడు. అక్కతో ఆయన అన్న మొదటి మాట అది. అక్క, "ఊఁ," అంది. ఆ ఊఁ తర్వాత ఇంకాస్త మాట్లాడాడు. పత్తి గురించి చెప్పాడు. నిద్ర పట్టదని చెప్పాడు.

"బాబాయ్, ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు. చచ్చిపోదామనిపిస్తుందా?"

పక్క లాటులో బస్తా ఎత్తబోతున్న హమాలీ ఒకడు చేతులు వదిలేసి అలాగే నిలబడిపోయాడు. ఆయన అక్కనీ చూడలేదు, కొడుకునీ చూడలేదు.

"వాడు చెప్పాడా?" అన్నాడు.

"వాడికి భయమేస్తుంది. ఫెయిలయ్యానని కాదు వాడు మా దగ్గరికొచ్చింది. నువ్వేమైపోతావోనని."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మొహం అంతా కప్పుకున్నాడు. తువ్వాలు లోపలి నుంచి, "ఘాటమ్మా. ఈ యార్డు ఘాటు," అన్నాడు.

"ఘాటే బాబాయ్. నాకూ అంతే," అంది అక్క. నిజంగానే ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. నాకూ కారుతున్నాయి. ఆ షెడ్డులో ఎవరు దేనికి ఏడుస్తున్నారో ఎవరికీ తెలిసే వీలు లేదు.

ఆయన తువ్వాలు దించి కొడుకుని చూశాడు. "ఎండలో నిలబడ్డావేంది, ఇట్రా," అన్నాడు. వాడు వచ్చి కూర్చున్నాక, "నాకు చెప్పొచ్చు కదరా," అన్నాడు.

"నువ్వు చెప్పావా నాకు?" అన్నాడు కొడుకు.

అక్క లేచి నా చెయ్యి పట్టుకుని నాలుగు బస్తాల అవతలికి తీసుకెళ్ళింది. తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. పొద్దు వాలేదాకా మేం అక్కడే ఉన్నాం. వెళ్ళేముందు అక్క ఆయన దగ్గరికి వెళ్ళి ఇంట్లో ఇంకెవరున్నారని, దగ్గరి వాళ్ళెవరని అడిగింది. బావమరిది ఉన్నాడంటే, కొన్నాళ్ళు వచ్చి వీళ్ళింట్లోనే ఉండమని అతనికి కబురు పెట్టించింది. మర్నాడు సార్ ఆ తండ్రిని తనకి తెలిసిన డాక్టరు దగ్గరికి స్వయంగా తీసుకెళ్ళారు. ఆయన కొన్ని నెలలు మందులు వాడాడు. ఆ అబ్బాయి సప్లిమెంటరీలో పాసై డిగ్రీలో చేరాడు. మరుసటేడు తండ్రి మా మేడకి ఒక గోనెసంచి నిండా మంచి ఎర్రటి కాయ తెచ్చాడు. ఫ్యాను కింద దాన్ని విప్పేసరికి సార్‌తో సహా అందరం తుమ్ముతూ మెట్ల మీదికి పరిగెత్తాం. అక్క ఒక్కతే లోపల కూర్చుని, "సుకుమారాలు," అని మమ్మల్ని వెక్కిరించింది.

అన్నీ ఇలా జరగలేదు.

పొన్నూరు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసేది. మేనమామ ఇంట్లో ఉండి ఇంటర్ చదివేది. ఆమెని మేమెవరం చూడలేదు, గొంతే. అక్క కోసమే చేసేది. ఆ పిల్ల లెక్చరర్లని అనుకరించి మాట్లాడేదట; అక్క రిసీవరు పట్టుకుని పడీ పడీ నవ్వడం మాకు వినపడేది. మధ్యలో నవ్వు ఆగిపోయి చాలాసేపు ఊఁలు మాత్రమే వినపడేవి. ఇంట్లోవాళ్ళతో మాట్లాడతామని అక్కా సార్ ఇద్దరూ ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకునేది కాదు. ఒకరోజు పొన్నూరు నుంచే ఇంకో అమ్మాయి చేసింది. తన స్నేహితురాలు ఇక లేదని, మీకు చెప్పాలనిపించిందని చెప్పి పెట్టేసింది.

అక్క రిసీవరు దాని చోట పెట్టి, లేచి, బయట బెంచీ వైపు చూసింది. అక్కడ ఒక అమ్మాయి ఎదురు చూస్తోంది. సార్ వచ్చి, "నువ్వు ఇంటికెళ్ళమ్మా," అన్నారు. "ఆ పిల్ల బస్సెక్కి వచ్చింది సార్," అని వెళ్ళి ఆ అమ్మాయి ముందు కూర్చుంది. ఆ రోజు సోడా బండి దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి, అలాగే వట్టి కాళ్ళతో నడిచి వెళ్ళిపోయింది.

తర్వాత కూడా కొన్నాళ్ళు వచ్చింది. ఊఁ మాత్రం ఒకటే రకం అయిపోయింది, నాదిలాగా. ఒకనాడు ఫోను మోగుతుంటే ఎత్తలేదు. నన్ను చూసి, "నువ్వు ఎత్తవే. నాకివాళ వినపట్టం లేదు," అంది. చెవులకి ఏమైందో అని నేను ఆత్రంగా అడిగితే, "చెవులకి కాదులే," అంది. మిరప కోతలకని ఊరెళ్ళింది. కోతలైపోయినా రాలేదు. సార్ కబురు పంపితే బీఈడీలో చేరానని తిరిగి కబురు పంపింది. సార్‌కి ఆరోగ్యం పాడయ్యాక ఆ గదులు కూడా మూసేశారు. నేను పీజీ పూర్తి చేసి ఒంగోల్లో ఒక కాలేజీలో తెలుగు చెప్పడానికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత ఆమెని ఒక్కసారే చూశాను. పరీక్షల డ్యూటీ మీద నన్ను దాచేపల్లి వేశారు. అక్కడికి దగ్గర్లోని పల్లె హైస్కూల్లోనే అక్క సోషల్ చెప్తోందని విని, డ్యూటీ అయిపోయిన మధ్యాహ్నం ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ముతో ఆ బడి ఆవరణలో వేపాకులు కూడా బూడిద రంగులో ఉన్నాయి. అక్క ఖాళీ పీరియడ్లో వరండా బెంచీ మీద జవాబు పత్రాలు దిద్దుకుంటోంది. జుట్టు కణతల దగ్గర నెరిసింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కాస్త జరిగి చోటిచ్చింది.

"లావయ్యావే," అంది.

ఊరి సంగతులు, ఉద్యోగం సంగతులు మాట్లాడుకున్నాం. ఆ మేడ గురించి ఇద్దరం ఎత్తలేదు. పిల్లలు నీ దగ్గరికి వచ్చి చెప్పుకుంటారా అని అడిగితే, "వస్తారు. హెడ్మాస్టరు గారితో, ఇంట్లో వాళ్ళతో కలిసి చూస్తాం. నేనొక్కదాన్నే కూర్చోను ఇప్పుడు," అంది. ఎర్ర పెన్ను మూత పెట్టి పక్కన పెట్టింది. కాసేపు గ్రౌండు వైపు చూసి, నేనేమీ అడగకుండానే మొదలుపెట్టింది.

"పొన్నూరు పిల్ల ఆఖరిసారి చేసినప్పుడు అంతా మామూలుగానే ఉందే. కెమిస్ట్రీ ఆయన్ని అనుకరించి నన్ను నవ్వించింది. పెట్టేసే ముందు, 'అక్కా, నువ్వెట్టా ఉన్నావు?' అంది. ఆ గదిలో నన్ను ఆ మాట అడిగింది అదొక్కతే. మీరెవరూ అడగలా. సార్ అడగలా. ఆ రోజుల్లో నాకసలు బాలేదు. పొద్దున లేవాలంటేనే భారంగా ఉండేది. అయినా, 'నాకేం, బాగున్నానమ్మా' అన్నా. అట్లా అనాలనుకున్నా. వినేవాళ్ళు బాగుండాలి కదా."

ఎర్ర పెన్ను చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసింది.

"బాలేదని చెప్పాల్సింది. చెప్తే పోయేది కాదని అంటల్లా. పోయేదేమో. కానీ ఆ పిల్ల ఒక్కతే బాగాలేని దానిలా పెట్టేసింది ఫోను. ఇద్దరం బాగాలేం అని తెలిసి పెట్టేసేది కదా."

వరండా అవతల ఏదో తరగతిలో పిల్లలు పద్యం అప్పజెబుతున్నారు. నీ తప్పు లేదు అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట ఎవరైనా అంటే ఆమెకి ఎంత చిరాకో నాకు తెలుసు.

"ఇప్పుడెలా ఉన్నావక్కా?" అన్నాను.

ఆమె నవ్వింది. బాగున్నాననడానికి నోరు తెరిచింది. ఆ మాట రాలేదు. చేతుల్లోని పత్రాల కట్ట బెంచీ మీద పెట్టి, ఎగిరిపోకుండా చెప్పు తీసి దాని మీద పెట్టింది. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చెప్పిందేదీ నేనిక్కడ రాయను. మధ్యలో బడి గంట కొట్టారు. పిల్లలు అరుచుకుంటూ మా ముందు నుంచే వెళ్ళిపోయారు. టీచర్లు సైకిళ్ళూ స్కూటర్లూ తీసుకుని వెళ్ళిపోయారు. తాళాల గుత్తితో అటెండరు వచ్చి, స్తంభం పక్కన నిలబడి, మమ్మల్ని చూసి వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. ఆమె ఇంకా చెప్తూనే ఉంది. అతను గదులన్నిటికీ ఒక్కొక్కటే తాళాలు వేసుకుంటూ వెళ్ళి, గేటు మాత్రం దగ్గరగా వేసి, తాళం కప్పని వేయకుండా గొలుసుకి ఊరికే తగిలించి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.